చెరువు ఎండకముందే

పులిహోరకు చింతపండు పిసుకుతున్నప్పుడే పెరుందేవికి విసుగొచ్చింది. తెల్లారకముందే తలకు పోసుకుని, మడి కట్టుకుని, ఆరుమందికి వంట. మద్రాసు నుంచి వచ్చిన పైఆఫీసరు సౌందరరాజన్ కుటుంబానికి తడ ఊరి అవతలి చెరువులో పక్షుల్ని చూపిస్తానని మొగుడు ముకుందం మాటిచ్చేశాడు. మాట ఆయనది, చాకిరీ ఈమెది.

"ఈ కరువుకు చెరువు ఎండిపోతా ఉండాది సార్. వచ్చే ఏటికి పక్షులుంటాయో ఉండవో, ఉన్నప్పుడే సూడల్ల" అని తిరుపతి దాటినప్పటి నుంచీ కారులో ఆయనకదే పాట. పోయేదాన్ని చూడ్డానికి ఇంత సంబరమా అని ఆమెకు ఒళ్ళు మండింది. చావు దగ్గరపడిన మనిషి ఇంటికి కూడా ఎవరూ ఇంత గోలగా పోరు.

చెరువు సగానికి ఇంకిపోయింది. గట్టు పక్క చెట్ల మీద గూడబాతులు రెక్కలు కాస్త విప్పి, గుడ్లకు నీడపట్టి కూర్చున్నాయి. ఎండ మాడ్చేస్తున్నా ఒక్కటీ కదల్లేదు.

సౌందరరాజన్ కెమెరా తీశాడు. "ఎగిరితే బాగుంటుందయ్యా!"

అంతే, ముకుందం రాళ్ళు ఏరి విసిరాడు. పక్షులన్నీ గుంపుగా లేచాయి. ఖాళీ గూళ్ళ మీద కాకులు వాలాయి. ఒక గుడ్డు దొర్లి ఒడ్డున బురదలో పడి చిట్లింది. నీరసపడిన తమ బిడ్డకు గుడ్డు పెట్టమని డాక్టరు చెబితే, జీవహింస మనింట్లో సాగదని ఎగిరిపడిన మనిషి ఈయనే.

"ఏమండీ, పోదాం పదండి. మనమీడుంటే అవి దిగవు" అంది.

"ఊరికే ఉండు. భోంచేసి, నిదానంగా పోదాం" అంటూ ముకుందం చాప పరిచాడు. "వచ్చే ఆదివారం వ్యాను మాట్లాడతా సార్. మీవాళ్ళందరినీ పిలవండి. వంట మా ఆడోళ్ళు సూసుకుంటారు."

పైన తల్లిపక్షులు తిరుగుతూనే ఉన్నాయి. కింద వీళ్ళు విస్తరాకుల కోసం చూస్తున్నారు. పెరుందేవి వంగి గుడ్డు చేతిలోకి తీసుకుంది.

"తాకొద్దు! మైల! ఇంకా వడ్డించల్ల!" అని అరిచాడు ముకుందం.

"రాయేసిన చేతికి లేని మైల నా చేతికొచ్చిందా?"

చిట్లిన గుడ్డు సొన వేళ్ళ సందుల్లోంచి కారుతుండగా, ఆ చేతిని మణికట్టు దాకా పులిహోరలో ముంచింది. తర్వాత పెరుగన్నంలో.

"మీకింక ఈడ తినేదానికేమీ లేదు. లేవండి" అంది పెరుందేవి. "వచ్చే ఆదివారమైనా ఇంతే."