మాటల్లేని రెండు విమానాలు, ఒక డోలు

కౌంటరు వెనకున్న అమ్మాయి “ఎక్కడికి అంకుల్?” అని అడగగానే, పెట్టెలో పెట్టి తాళం వేసిన డోలు తనంతట తానే మోగుతుంది.

బుచ్చినాగులు “మారిషస్ తల్లీ” అంటాడు. అనడం పెదాల దాకానే. మిగతాది డోలు మింగేస్తుంది. అమ్మాయి చెవి ముందుకు పెట్టి, “మా రైసా? పెట్టెలో రైసు ఎంతుంది?” అంటుంది. ఆమె జేబు మీది పేరుబిళ్ళ మీద హిమజ అని ఉంది.

“రైసు కాదమ్మా, డోలు.”

“సరే. ఎక్కడికి?”

మళ్ళీ మోత. తూకం మీద అంకెలు పెరుగుతాయి, తగ్గుతాయి, ఎటూ తేల్చుకోలేక చివరికి ‘చూద్దాం’ అని చూపిస్తాయి. డోలు సంగతి డోలాయమానంలో పడిందని నాగులుకు అర్థమవుతుంది. వెనక వరసలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే తమ పెట్టెల్ని కాళ్ళ దగ్గరికి లాక్కుంటారు.

“ఒరే నాగులూ, నీకంటే ముందే నీ పెట్టె కచేరీ మొదలెట్టిందిరా. దానికి వేరే తాంబూలం ఇప్పించాలేమో,” అంటాడు పక్కనున్న గురవయ్య. గురవయ్య నాగులుకు అక్క మొగుడు, పైగా సన్నాయి విద్వాంసుడు. సన్నాయి భుజాన సంచీలో ఉన్నా నొక్కులు మాత్రం ఎప్పుడూ నోట్లోనే ఉంటాయి.

“నువ్వూరుకో బావా. అది ఊరికే మోగదు.”

అది ఊరికే మోగదన్నది నిజమే. పిలిచింది మారిషస్‌లో ఉన్న తెలుగువాళ్ళు, ముత్తాతల నాడే ఓడెక్కి వెళ్ళినవాళ్ళు. వాళ్ళింట్లో పెద్దమ్మాయి పెళ్ళికి మేళం బదులు టేపు పెట్టారట. సరిగ్గా తాళి కట్టేవేళ కరెంటు పోయింది. ఆ నిశ్శబ్దంలో పిల్ల పెదనాన్న తుమ్మాడు. ఆ తుమ్ము ఇప్పటికీ ఆ అమ్మాయి ఇంట్లో గది గదికీ తిరుగుతోందనీ, మొగుడూ పెళ్ళాలు ఒక మాట అనుకోబోతే మధ్యలో తుమ్ముతోందనీ పెళ్ళికూతురి తండ్రి ఫోన్లో ఏడ్చాడు. “చిన్నదానికైనా బతికున్న డోలు కావాలయ్యా. మా అన్నయ్య మళ్ళీ వస్తున్నాడు, ముక్కుతో సహా,” అన్నాడు.

కాబట్టి ఈ డోలు తాళికంటే ముందు చేరి తీరాలి.

“బొంబాయి దాకా మా విమానం,” అంటుంది హిమజ. “అక్కణ్ణుంచి మీ టికెట్టు వేరే కంపెనీది. పెట్టె నేరుగా వెళ్ళదంకుల్.”

“మనుషులం మేం వెళ్తున్నాం గదమ్మా?”

“మాకూ వాళ్ళకూ మాటల్లేవు.”

“అయ్యో. ఏమైంది?”

“పెట్టుపోతల దగ్గర తేడా వచ్చింది. వాళ్ళు సరిగా పెట్టలేదని మేం, మేం పెట్టలేదని వాళ్ళు.”

“ఇంకేం, పెట్టుపోతలు లేని చోట పెట్టె పోతలే,” అంటాడు గురవయ్య. హిమజ నవ్వదు. ఆ మాటను కంప్యూటర్లో ఎక్కిస్తుంది.

స్టిక్కరు బయటికొస్తుంది. ఊరి పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు, కింద నల్లగీతలు మాత్రం ఉన్నాయి. ఒకటి లావు, రెండు సన్నం, మళ్ళీ లావు. నాగులు వాటిని గోటితో తడిమి చదువుతాడు. అచ్చం గట్టిమేళం దరువు. ఒక స్టిక్కరు పెట్టెకు అతికించి, రెండోది అతని మెడలో వేస్తుంది హిమజ. పెట్టె బెల్టెక్కుతుంది. రబ్బరు నాలుకలు దాన్ని లోపలికి చప్పరిస్తాయి. చెకిన్ అంటే ఏమో అనుకున్నాడు గానీ, పెట్టె తీరు చూస్తే చెక్కేస్తున్నట్టే ఉంది.

విమానం గాల్లోకి లేచాక, మనం ఎక్కడికి వెళ్తున్నామో పైలట్ చెప్పబోతాడు. నాగులు కాళ్ళ కింద నుంచి డోలు మోగుతుంది. ఊరి పేరు ఎవరికీ వినపడదు. కిటికీ పక్కనున్న పెద్దావిడ అటు తిరిగి, ఇటు తిరిగి, “ఏవయ్యా, నువ్వు గాని మార్చావా ఊరు?” అని అడుగుతుంది. అప్పటి నుంచి విమానంలో అందరూ అతన్నే చూస్తారు. నాగులు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తన వేళ్ళు కదలడం లేదని అందరికీ కనపడేలా కూర్చుంటాడు.

బొంబాయిలో మనుషులు బెల్టు మీద కూర్చుని వరసగా తిరుగుతూ వస్తారు. పెట్టెలు చుట్టూ నిలబడి, వాళ్ళ మెడల్లో స్టిక్కర్లు తిప్పి చూసుకుంటాయి. తమ మనిషి కనపడగానే చెయ్యి పట్టి దించుకుని తోసుకుపోతాయి. నీలం రంగు సూట్‌కేసు ఒకటి గురవయ్యను ఎగాదిగా చూసి, ఎత్తి చూసి, దించుతుంది.

“నేను నీవాణ్ణి కాదమ్మా,” అంటాడు గురవయ్య వినయంగా.

“అందరూ అలాగే అంటారు,” అని సూట్‌కేసు అతన్ని తీసుకుపోతుంది.

“ఒరే! అక్కకి చెప్పకురోయ్!” అన్న కేక దూరమవుతుంది. చేతిలో సంచీ మాత్రం గట్టిగానే పట్టుకున్నాడు.

నాగులు తిరుగుతూనే ఉంటాడు. అతని స్టిక్కరు చదివిన ప్రతి పెట్టె అనుమానంగా వెనక్కి జరుగుతుంది. డోలు పెట్టె రాలేదు. అవతల ముహూర్తం అతనికోసం ఆగదు. రబ్బరు నాలుకలు దగ్గరికొచ్చినప్పుడు అతను తల వంచి వాటి వెనక్కి వెళ్ళిపోతాడు.

లోపల పొడవాటి గది ఉంది. నడిచినకొద్దీ పొడుగవుతుంది, నిలబడితే దగ్గరికొస్తుంది. అందుకని నాగులు నిలబడతాడు. మొదటి కంపెనీ బెల్టు ఇటు నుంచి వచ్చి ఆగిపోయింది. రెండో కంపెనీ బెల్టు అక్కడికి జానెడు దూరంలో మొదలవుతుంది. ఆ జానెడు ఖాళీ మీద, ఎవరికీ చెందకుండా, డోలు పెట్టె ఉంది. కంపెనీకి ఒకరు చొప్పున ఇటు ఒక పెద్దాయన, అటు ఒక పెద్దాయన, ఇద్దరికీ పట్టు ఉత్తరీయాలు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా మధ్య గోడను చూస్తున్నారు. బొంబాయిలో కూడా వాళ్ళు గుంటూరు జిల్లా తెలుగే మాట్లాడతారు. నాగులుకు అన్నింటికంటే అదే అనుమానంగా ఉంది.

“గోడా, గోడా,” అంటాడు ఇటు పెద్దాయన, “అవతలాయన పెట్టె తీసుకుంటాడేమో కనుక్కో.”

“గోడా,” అంటాడు అటాయన, “ముందు అందులో ఎవరున్నారో చెప్పమను. అది ఎక్కడికో కూడా చెప్పమను.”

ఆ మాటతో డోలు లేస్తుంది. ఇటాయన మాట ఇటు, అటాయన మాట అటు ఎగిరిపోతాయి. గోడ బెదిరి ఒక అడుగు వెనక్కి వేస్తుంది.

“చూశావా గోడా! అడిగితే తిడుతున్నాడు!”

“తిట్టేది నేనా? ఎక్కడికని అడిగితే తప్పా?”

ధణ ధణ ధణ.

“అయ్యా, అడక్కండి!” నాగులు ఇద్దరి మధ్యకూ వస్తాడు. పెట్టె మీద, పసిపిల్లను జోకొట్టినట్టు, చెయ్యి వేస్తాడు. మోత తగ్గుతుంది. ఎప్పుడు వచ్చిందో హిమజ కూడా అక్కడ ఉంది. విమానంలోని పెద్దావిడ ఉంది. నీలం సూట్‌కేసు గురవయ్యను వెంటబెట్టుకుని వచ్చింది.

“తిట్లు కావండీ ఇవి,” అంటాడు నాగులు. “పెళ్ళిలో పుస్తె కట్టేటప్పుడు ఎవరో తుమ్ముతారు, ఎవరో నోరు జారతారు. ఆ చెడ్డమాట పిల్ల చెవిన పడకుండా మేం గట్టిమేళం కొడతాం. మా నాన్న కాడ్నించీ ఈ డోలు చేసే పని అదొక్కటే. బయలుదేరే మనిషిని ఎక్కడికని ఎవరైనా అడుగుతారా? మా వైపు అడగం. అపశకునం. ఈ అమ్మాయి అడిగింది, పైలటు ఆ ఊసే ఎత్తాడు, మీరూ అడిగారు. ప్రతిసారీ ఇది ఆ మాటను మూసేసింది. దీని తప్పేం లేదు.”

హిమజ ముందుకొస్తుంది. “మరి ఏమని అడగాలంకుల్?”

“‘దూరమా?’ అనాలమ్మా.”

పెద్దాయనలిద్దరూ ఆలోచిస్తారు. ఇద్దరూ ఒకేసారి వంగి, పెట్టెను ఒకేసారి అడుగుతారు: “దూరమా?”

డోలు నిశ్శబ్దంగా ఉంది. అప్పటికి గాని వాళ్ళకు తెలియదు, తాము ఒకరి మొహంలోకి ఒకరు చూస్తూ ఒకే మాట అన్నామని. గోడ, ఇక తన అవసరం లేదని గ్రహించి, పక్కకు తప్పుకుంటుంది.

“దూరమే,” అంటాడు నాగులు. “ముందు ఒకసారి మూత తీయనివ్వండి.”

తాళం తీస్తాడు. పెట్టెలో పందిరి ఉంది. అరటిబోదెలున్నాయి, పీటల మీద పెళ్ళికూతురు తల వంచుకుని ఉంది, పెళ్ళికొడుకు చేతుల్లో పుస్తె పైకెత్తి ఉంది. పురోహితుడి వేలు గాల్లో ఉంది. పందిరి మూల డోలు, దాని పక్కన ఖాళీ చాప. ముందు వరసలో, కళ్ళు సగం మూసి, ముక్కుపుటాలు విప్పార్చి, పెదనాన్న.

“బావా! రా!”

“వదిలితేగా!” అంటాడు గురవయ్య. సూట్‌కేసు ఒక్క క్షణం ఆలోచించి వదులుతుంది.

ఇద్దరూ పెట్టెలో దిగుతారు. నాగులు డోలు మెడకు తగిలించుకుంటాడు. హిమజ పైనుంచి మూత వేసి తాళం పెడుతుంది. తాళానికి తాళం పడిందని గురవయ్య అనబోతాడు గానీ అప్పటికే సన్నాయి నోట్లో ఉంది.

పురోహితుడి వేలు ఊగుతుంది. నాగులు గట్టిమేళం కొడతాడు. పెట్టె జానెడు ఖాళీని దాటుతుంది. బయట బెల్టుల మీద పెట్టెలన్నీ జిప్పులు తెరిచి, లోపలి నుంచి బియ్యం తీసి చల్లుతాయి. పెదనాన్న నోరు తెరుచుకుంటుంది, భుజాలు ఎగురుతాయి. పెళ్ళికూతురు ఏమీ వినలేదు. ఆమె మెడలో మూడో ముడి పడుతుంది.

నాగులు ఆపడు. కొడుతూనే అనుమానంగా తాళంచెవి కన్నంలోంచి వెనక్కి చూస్తాడు. మొదటి కంపెనీ బెల్టు మీద, మెడలో స్టిక్కరుతో, ఆ తుమ్ము ఒంటరిగా కూర్చుని తిరుగుతోంది. చుట్టూ మనుషులు నిలబడి ఉన్నారు. అది ప్రతి ఒక్కరి మొహంలోకీ ఆశగా చూస్తుంది. నాది అనడానికి ఎవరూ ముందుకు రారు.