నేను ఎవరికీ ఎక్కాలు నేర్పలేదు

నేను ఒక బెత్తాన్ని. ఉత్తరాంధ్రలోని ఓ చిన్న ఊళ్ళో మేదరి అప్పలస్వామి ఉయ్యాల అల్లగా మిగిలిన ముక్కను. లెక్కల మాస్టారు సన్యాసిరాజు గారు నన్ను అడిగి పట్టుకెళ్ళి, నూనె రాసి, బడిలో తన బల్ల మీద పెట్టుకున్నారు. పిల్లలకు లెక్కలు వస్తున్నది నా వల్లేనని ఆయన నమ్మకం. నేను ఒప్పుకోను. పదకొండేళ్ళలో నేను ఒక్కరికి ఒక్క ఎక్కం కూడా నేర్పలేదు.

ఏడో తరగతి రోహిణికి నేను నేర్పింది కడుపునొప్పి. లెక్కల పీరియడ్ ఉన్న రోజు ఆ పిల్ల పొద్దున్నే వాంతి చేసుకునేదట. పన్నెండేళ్ళు వచ్చాక మళ్ళీ పక్క తడపసాగిందట. ఇడ్లీలు అమ్ముకునే వాళ్ళమ్మ గౌరమ్మ దిష్టి తీసింది, నులిపురుగుల మందు వేసింది. ఇవన్నీ తర్వాత విచారణలో ఆవిడ నోటే విన్నాను.

ఒకరోజు భిన్నాల లెక్క తప్పిందని మాస్టారు నన్నెత్తారు. రోహిణి చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. అరచేతి మీద పడాల్సినదాన్ని వేళ్ళ మీద పడ్డాను. లోపల ఏదో చిట్లిన చప్పుడు నాకు తెలిసింది. ఆయనకు తెలియలేదు.

మర్నాడు గౌరమ్మ కూతురి చెయ్యి పట్టుకుని నేరుగా తరగతిలోకి వచ్చింది. రోహిణి కుడిచేతికి కట్టు. గౌరమ్మ సంచిలోంచి ఎక్స్‌రే తీసి బల్ల మీద, నా పక్కనే పెట్టింది.

"సిటికినేలు ఇరిగిపోనాది. కడుపులో జబ్బేటీ నేదు, బయమే జబ్బని డాట్రమ్మ సెప్పింది. ఆ బయం యెవులు పెట్టినారు మేస్టారూ?"

"మేమూ దెబ్బలు తినే పెద్దవాళ్ళమయ్యాం గౌరమ్మా," అన్నారు మాస్టారు.

"అవును బాబూ. తిన్నారు గాబట్టే కొడతన్నారు."

అప్పుడు రోహిణి ఎడమచేత్తో నన్ను తీసుకుంది. గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, దీన్ని కూడా అట్టుకెల్దాం."

అలా మండల విద్యాశాఖ ఆఫీసుకు చేరాను. నాకు చీటీ కట్టి, నంబరు వేసి, బీరువాలో పెట్టారు. విచారణ జరిగింది. మాస్టారిని ఏడాది పాటు పాఠాలకు దూరంగా ఉంచారు. రోహిణి వేలు కాస్త వంకరగానే అతుక్కుంది. వాంతులు ఆగాయి. తలుపు గట్టిగా పడితే మాత్రం ఇప్పటికీ ఉలిక్కిపడుతుందని ఆఫీసుకు వచ్చినప్పుడు గౌరమ్మ చెప్పింది.

కర్రముక్కకు ఏం తెలుసని మీరనొచ్చు. ఎత్తిన చేతినీ, దెబ్బ తిన్న చేతినీ తాకినదాన్ని నేనే. ఒక్క దెబ్బకేమవుతుందని ఎవరైనా అంటే, నన్ను పిలవండి, సాక్ష్యం చెబుతాను.

మొన్న ఫైలు మూసేశారు. వస్తువు తీసుకెళ్ళమని మాస్టారికి కబురు పెట్టారు. గుమాస్తా నన్ను ఆయన ముందుంచి, రిజిస్టరు తిప్పాడు.

"ఇది మీదేనని ఇక్కడ సంతకం పెట్టండి సార్."

మాస్టారు కలం తెరిచారు. నా వైపు చూశారు.

"నాది కాదు," అని కలం మూసి, తల వంచుకుని బయటికి వెళ్ళిపోయారు.