వచ్చిన పనేమిటి?

సార్‌పాంగ్ చేసిన యాప్‌లో ఉన్నదల్లా ఒకే ఒక్క ప్రశ్న. ఫోన్ తెరవబోతే చాలు, "రండి, కూర్చోండి. వచ్చిన పనేమిటి?" అని అడుగుతుంది. జవాబు రాస్తేగాని లోపలికి పోనివ్వదు. వాళ్ల ఊరు కుమాసీలో ఏ ఇంటికెళ్లినా ముందు మంచినీళ్లిచ్చి, తరవాత అడిగే మాట అదే. ఇంటికి పనికొచ్చిన పద్ధతి ఫోన్‌కి పనికిరాదా అనుకున్నాడు మహానుభావుడు!

ఈ తిప్పలన్నీ చెల్లెలు పోకువా కోసమే. తల్లి పోయాక ఆ ఇంట్లో మిగిలింది వాళ్లిద్దరే. స్కూలు చివరి పరీక్షలో పోకువా లెక్కలు తప్పింది. మళ్లీ రాయడానికి ఇంకా నెలే ఉంది. ఈసారీ పోతే నర్సు చదువు ఆశ వదులుకోవాల్సిందే. పిల్లేమో పొద్దస్తమానం ఫోన్‌లో తల దూర్చి కూర్చుంటోంది. వాడి ప్రాణం ఉసూరుమంది.

చెల్లెలికీ, ఆమె స్నేహితులు ఇరవై మందికీ యాప్ ఇచ్చి రెండు వారాలు చూశాడు. ఫోన్ వాడకం ఇసుమంత కూడా తగ్గలేదు. పైపైన చూస్తే అందరూ రాసింది ఒకే జవాబు: "చెడువార్తేం లేదు, ఊరికే చూసిపోదామని వచ్చాం."

సంగతి విని, బజారులో బట్టలమ్మే కొనాదు పెద్దమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఓరి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! వచ్చిన పనడిగితే మనవాళ్లు ముందు అనేది అదేగదరా. పిల్లనడగడానికొచ్చినోడూ అదే అంటాడు. ఆ తరవాత ఓపిగ్గా కూర్చుంటేనే అసలు మాట బయటికొచ్చేది. నీ ఫోనేమో ఆ ముక్క వినగానే తలుపు తీసేస్తోందాయె!"

నిజమే. ఇంత చిన్న విషయం తట్టనందుకు తనని తాను తిట్టుకుంటూ ఇంటికొచ్చి, వేరేగా రాసినవాళ్లెవరైనా ఉన్నారేమోనని జవాబులన్నీ తిరగేశాడు. ఒక్కరే ఉన్నారు. నాలుగో రోజు నుంచీ పోకువా జవాబులు మారిపోయాయి.

"అన్నయ్యా, ఇవాళ ఫుఫూ ముద్దకి దుంపలు నేనే దంచా. నువ్వు గదిలోంచి రాలేదు."

"అన్నయ్యా, మూడుసార్లు తలుపు కొట్టా. యాప్ పని ఉంది పొమ్మన్నావు."

"లెక్కల వీడియో చూద్దామనే ఫోన్ తీస్తా. పది నిమిషాలయ్యేసరికి డాన్సు వీడియోలో ఉంటా. పక్కన ఎవరైనా కూర్చుంటే అలా అవదు."

"మాట్లాడితే వినవుగా. ఇక్కడైతే చదువుతావని రాస్తున్నా."

పది రోజులుగా రోజుకో కబురు. వాడు ఒక్కటీ చూడలేదు. ఎంతమంది ఎన్నిసార్లు తెరిచారో లెక్క చూసుకోవడమే సరిపోయింది వాడికి. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆ పిల్ల మీద చెప్పలేనంత ప్రేమ పొంగుకొచ్చింది.

పోకువా పెరట్లో బల్ల మీద ఉంది, చేతిలో ఫోన్. వెళ్లి పక్కనే కూలబడ్డాడు.

"ఏ లెక్కే రాంది?"

ఆమె తలెత్తి చూసింది. "నీ యాప్ అయిపోయిందా?"

"లేదు."

"మరి పని మానుకుని వచ్చావేం?"

"చదివానే. అన్నీ ఇప్పుడే చదివాను."

పోకువా కళ్లు తుడుచుకుని, ఫోన్ బల్ల మీద బోర్లించి, పుస్తకం తీసి వాడి ఒళ్లో పెట్టింది. మొదటి లెక్క వాడికీ రాలేదు. రెండుసార్లు చేసి రెండుసార్లూ కొట్టేశాడు.

"నీకూ రాదన్నమాట!" అంది, పక్కకి ఇంకాస్త జరిగి కూర్చుంటూ. "పోన్లే అన్నయ్యా, లేవకు. మళ్లీ చేద్దాం."