పిల్లకు రాకుండా

మా అల్లుడు ప్రేమ్‌సాగర్‌రావుకు మతి చెడిందని బోథ్‌లో ఎవరూ అనరు. "దొరకు జర వేడి చేసింది" అంటారు. ఆ వేడి చేసిన దొర పత్తి చేను నడుమ నిలబడి కనబడని మనుషులతో తగాదా పడుతుంటే, జీతగాళ్లు తలలు వంచుకుని కలుపు తీస్తారు. మామూలు మనిషైతే తాడుతో కట్టేసి ఉండేవాళ్లు.

నా బిడ్డ సరళాదేవిని జమ్మికుంట నుంచి ఆ ఇంటికి ఇచ్చి పన్నెండేళ్లు. పెళ్లిపీటల మీద అల్లుడు ఒక్క మాట మాట్లాడలేదు. ఎంత బుద్ధిమంతుడో అని నా భార్య మురిసిపోయింది. ఆ మురిపెంతోనే ఆ ఏడాదే పోయింది. అదృష్టవంతురాలు. మిగతాది చూడటానికి నన్ను వదిలింది.

పెళ్లికి ముందే అతనికి జబ్బు ఉందని నాకు త్వరలోనే అనుమానం వచ్చింది. అడిగితే వియ్యపురాలు రుక్మాబాయి దీపం ముట్టుకుని ఒట్టేసింది.

"లేదన్నయ్యా. మావోనికి ఎన్నడు తలనొప్పి సుత రాలే."

ఆమె ఒప్పుకునేదాకా ఆ ఇంట్లో మెతుకు ముట్టనన్నాను. ముట్టలేదు. బోథ్ వెళ్లినప్పుడల్లా సద్ది కట్టుకుని పోతాను. వాళ్ల అరుగు మీదే కూర్చుని తింటాను. దారిన పోయేవాళ్లకు కనబడాలి కదా.

కానీ జబ్బును ఎంతకాలమని గదిలో పెట్టి దాస్తారు? రెండేళ్ల కింద పొలాల అమావాస్య నాడు అది బయటపడింది. ఆ పండుగకు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగు పూసి, ఊరేగించి తెస్తారు. ఇంటి యజమాని మొదటి భక్ష్యం తన చేత్తో ఎద్దుకు తినిపించాలి. ఆ తర్వాతే ఇంట్లో ఎవరైనా తినాలి. ఆనాడు అల్లుడు తలుపు గడియ పెట్టుకుని బయటికి రాలేదు. ఎడ్లు వాకిట్లో నిలబడి ఉన్నాయి. నా మనవరాలు ప్రమోదినికి అప్పుడు ఎనిమిదేళ్లు. ఎద్దుకు ఆకలవుతుందని భక్ష్యం తానే పెట్టింది. కాసేపటికి అల్లుడు బయటికొచ్చి, అంగీ చింపుకుని బజారున పడ్డాడు. ఊరంతా చూసింది.

"ఆడపిల్ల ముందుగాల పెట్టింది. గందుకే గిట్లయింది" అంది రుక్మాబాయి.

ఊరికి ఒక కారణం కావాలి, ఇంటికి పరువు కావాలి. రెండింటికీ ఎనిమిదేళ్ల పిల్ల సరిపోయింది. అందరికంటే గట్టిగా ఆ మాటను నమ్మింది ప్రమోదినే.

అప్పటినుంచి తండ్రి తింటేనే అది తింటుంది. ఆయన కంచం తోసేసిన రోజు తానూ తోసేస్తుంది. బడిలో కళ్లు తిరిగి పడిపోయింది. అప్పుడు ఇంటివాళ్లకు పిల్ల గుర్తొచ్చింది. తండ్రి రోగం దానికి రాకుండా చూడాలనుకున్నారు. దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టారు. నెత్తికి వేపాకు నూరి పట్టించారు. చదివితే బుర్ర వేడెక్కుతుందని పుస్తకాలు అటక మీద పెట్టారు. గట్టిగా నవ్వితే "ఇగో, మొదలైంది" అన్నారు. నవ్వకపోతే "వాళ్ల బాపు సుత గిట్లనే ఉంటుండె" అన్నారు. వచ్చిన ప్రతి చుట్టం దాని గడ్డం ఎత్తి కళ్లలోకి చూసిపోయాడు. అవన్నీ నాకు చేసి ఉంటే నాకు పిచ్చి పట్టేది.

ఈ నెల అల్లుడిని ఆదిలాబాద్‌లో దేవదాస్ అనే డాక్టరుకు చూపించడానికి అందరం పోయాం. కుర్ర డాక్టరు. అల్లుడికి మాత్రలు రాసి, మూలన నిలబడ్డ ప్రమోదిని వైపు చూశాడు.

"ఈ పాపను గూడ చూడాలె."

"అయ్యో, పిల్లకేం రోగం సాబ్?" అంది రుక్మాబాయి.

"రోగం లేదమ్మా. లేనప్పుడే చూడాలె."

"సూది ఇస్తరా?"

"సూది లేదు, గోలీ లేదు. మాట్లాడాలె."

రుక్మాబాయి నా మొహం చూసింది. నేను ఆమె మొహం చూశాను. వీడేం డాక్టరని ఇద్దరికీ అనిపించింది. వియ్యమందిన తర్వాత మేం ఏకమైంది ఆ ఒక్క సంగతిలోనే.

డాక్టరు పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని, మీ బాపుకు ఏమైందని అడిగాడు. అది ఎద్దు సంగతి పూసగుచ్చినట్టు చెప్పింది. చివరికి, బస్సు ఎప్పుడొస్తుందని అడిగినట్టు అడిగింది:

"తప్పు నేను చేసిన గద సార్. మరి నాకెప్పుడొస్తది?"

డాక్టరు రుక్మాబాయి వైపు తిరిగాడు. "ఈ బీమారి ఎప్పుడు మొదలైందమ్మా?"

"పొలాల నాడే."

"అంతకుముందు?"

ఆమె నన్ను చూసింది. "ఏం లేకుండె."

"మంచిగ యాదికి తెచ్చుకోండ్రి. ఈ పాపకు మందు గా జవాబే."

నేను కుర్చీలో వెనక్కి వాలాను. పన్నెండేళ్లుగా ఎదురుచూసిన మాట. చెప్పనీ అనుకున్నాను, డాక్టరు ముందు, నా మొహం చూసి చెప్పనీ. ఆమె నేల చూస్తోంది. పిల్ల ఆమె నోటిని చూస్తోంది.

సరళాదేవి లేచి నా చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చింది.

"బాపూ, నువ్వు జర గీడ కూసో."

"నేనెందుకు కూసోవాలె? నీ కోసమే గద నేను పట్టువట్టింది."

"నాకెప్పుడో ఎరుక. పెండ్లైన ఏడే ఆయన చెప్పిండు."

నేను తలుపు సందులోంచి పిల్లను చూశాను.

"మరి పిల్లకు చెప్పకపోయినవా?"

"చెప్పిన. నా మీది పాయిరంతోని అబద్ధమాడుతున్నవ్ అంటది. నాయనమ్మ అన్న మాట నాయనమ్మనే తీసుకోవాలె. నువ్వు ఎదురుంగ కూసుంటే ఆమె నోరిప్పది."

లోపలికి పోయి తలుపు వేసింది. చెవి పెడితే వినబడేదే. కంపౌండరు నన్నే చూస్తున్నాడు. బెంచీ మీద కూర్చున్నాను.

తలుపు తెరుచుకుంది. ప్రమోదిని పరుగెత్తుకొచ్చింది.

"తాతా! నా వల్ల కాదట! బాపుకు పెండ్లి కాకముందే వచ్చిందట! హైదరాబాద్‌ల సదువుకునేటప్పుడు! అప్పటికి నేను పుట్టనే లేదు!"

"ఎవరు చెప్పిండ్రు?"

"నాయనమ్మ. బాపు సుత అవునన్నడు."

రుక్మాబాయి గడప దగ్గర ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేనేమంటానో అని చూస్తోంది. అనవలసినవి నా దగ్గర చాలా ఉన్నాయి. ఏళ్ల తరబడి నూరి పెట్టుకున్నవి. వాటిలో ఒక్కటి అన్నా, తాను చెడ్డ కబురు తెచ్చాననుకుంటుంది పిల్ల.

"మంచి మాట చెప్పినవ్ బిడ్డా" అన్నాను. నిజం చెప్పడానికి రుక్మాబాయి పడ్డ కష్టం ఇంతకంటే ఎక్కువ ఉండదు.

డాక్టరు బయటికొచ్చాడు. "పాప ఎన్నిసార్లు చెప్పుకుంటే అన్నిసార్లు చెప్పుకోనియ్యిండ్రి. ఆపకుండ్రి. పుస్తకాలు కిందికి దించుండ్రి. మళ్ల నెల ఈమెను గూడ తోల్కరాండ్రి."

బోథ్ పోయే సర్వీసు జీపు ఎక్కాం. జీపు కదలకముందే ప్రమోదిని డ్రైవరుకు చెప్పింది. ఊరు దాటాక ఎక్కిన పంతులుకు చెప్పింది. తర్వాత మిరపకాయల గంపతో ఎక్కిన ఒక పెద్దామెకు, మొదటినుంచి, హైదరాబాద్‌తో సహా చెప్పింది.

"ఇగ చాలు, నోరు మూస్కో" అని రుక్మాబాయి దాని జబ్బ పట్టుకుంది.

"ఆపొద్దన్నడు గదనే అమ్మా డాక్టరు" అన్నాడు ముందు సీట్లోంచి అల్లుడు. ఆ జీపులో బుద్ధి ఉన్న మాట అదొక్కటే.

గంప ఆమె పిల్లను ఎగాదిగా చూసింది. "మీ బాపుకు పెండ్లికి ముందటి సందే ఉన్నదా? గది మంచి ముచ్చటనా బిడ్డా?"

"మంచిదే. ఇగ నేను ఆకలైతే తినొచ్చు."

ఆమె రుక్మాబాయిని చూసింది. రుక్మాబాయి కొంగు కళ్లదాకా లాక్కుంది.

నేను ముందుకు వంగి, జీపు నిదానంగా పోనిమ్మని డ్రైవరుకు చెప్పాను. దారిలో ఇంకా ఎక్కేవాళ్లున్నారు.