మూడు పాయింట్ తొమ్మిది

మూడు లీటర్ల గాలి పట్టే సిరంజీని ఊపిరి కొలిచే యంత్రానికి బిగించి, ఒకసారి నింపాదిగా, ఒకసారి జోరుగా తోశాడు. రెండుసార్లూ తెరమీద మూడు లీటర్లే వచ్చాయి. ఇక తన వంతు. ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, అట్టగొట్టం పెదాల మధ్య బిగించి, గుండెల నిండా గాలి పీల్చి, ఉన్నదంతా ఊదేశాడు. మూడు పాయింట్ ఒకటి. మళ్లీ ఊదాడు. అంతే. దగ్గు తగ్గేదాకా బల్ల పట్టుకుని నిలబడి, రిజిస్టరులో తేదీ పక్కన 3.9 అని రాశాడు.

అది ఆయన పాత అంకె. ఆస్పత్రి పిల్లల విభాగంలో ఊపిరి పరీక్షలు చేసే ఆ గదికి ఒక నియమం ఉంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒకరు రోజూ పొద్దున్నే యంత్రంలో ఊదాలి. ఆ మనిషికి ఎప్పుడూ వచ్చే అంకె వస్తేనే యంత్రం బాగున్నట్టు. పదకొండేళ్లుగా ఆ మనిషి ఆయనే. "ఆ యంత్రాన్ని నమ్మాలంటే ముందు నన్ను నమ్మాలి, తెలుసా?" అని ఇంట్లో గొప్పలు పోయేవాడు. "ఊరికే ఊదినందుకు జీతమిచ్చేవాళ్లున్నారు, ఇంకేం కావాలి మీకు!" అని భార్య దెప్పేది.

మనిషి ఆరడుగులు. పిల్లల ఎత్తుకి సరిపోయే స్టూలు మీద కూర్చుంటే మోకాళ్లు చెవుల దాకా వచ్చేవి. పిల్లలతోపాటు తనూ బుగ్గలు పూరించి ఊదీ ఊదీ, ఆ బుగ్గలు ఖాళీ సంచుల్లా వేలాడిపోయాయి. పిల్లలందరికీ ఆయన ఊదుడు మామయ్య. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు. ఆయనకూ ఆ బెంగ లేదు.

ఆరు వారాల కిందట అంకె దిగడం మొదలైంది. ముందు యంత్రాన్నే తిట్టుకున్నాడు. గొట్టాలు మార్చాడు, ఫిల్టరు మార్చాడు. చివరికి ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకెళ్లాక పైఅంతస్తులో పెద్దవాళ్లకు ఊపిరి పరీక్షలు చేసే గదికి వెళ్లి అక్కడి యంత్రంలో ఊదాడు. అక్కడా అంతే వచ్చింది. రెండు యంత్రాలూ కూడబలుక్కుని అబద్ధం చెప్పవు కదా. ఆయనకు భయమేసింది. చావు సంగతి తర్వాత, ముందు ఆ స్టూలు పోతుందని భయం. ఆ రోజు నుంచి పాత అంకే రాస్తూ వచ్చాడు.

తొమ్మిదిన్నరకు ఏడేళ్ల పాప వాళ్లమ్మతో వచ్చింది. ఉబ్బసం ఉన్న పిల్లల మీద కొత్త ఇన్‌హేలర్‌ను పరీక్షిస్తున్నారు. కొందరికి కొత్త మందు, కొందరికి పాతది. ఎవరికి ఏది ఇచ్చారో తల్లులకూ తెలియదు, డాక్టరమ్మకూ తెలియదు. ఇరవై ఎనిమిది మంది పిల్లల్లో ఇంతవరకూ ఎవరూ మధ్యలో మానలేదని డాక్టరమ్మకు చెప్పుకోలేనంత సంబరం. పాపకు ఇది పన్నెండో వారం.

"పీల్చు, పీల్చు, పొట్టంతా నింపు. ఇప్పుడు ఊదు! ఊదు, ఊదు, ఇంకా, ఇంకా... అడుగున ఇంకొంచెం దాచుకున్నావు, నాకు తెలుసు, అదీ ఇచ్చెయ్!"

సున్నా పాయింట్ తొమ్మిది. మూడుసార్లు ఊదించినా అంతే.

డాక్టరమ్మ వచ్చి తెర చూసింది. "ఇదేంటి, పోయినసారి ఒకటి పాయింట్ నాలుగు కదా!"

"బాగానే ఉంది మేడమ్. నిన్న కూడా మెట్లెక్కి దిగి ఆడింది. కొంచెం దగ్గుతోంది, అంతే" అంది తల్లి.

డాక్టరమ్మ పాప వీపు మీద స్టెతస్కోపు పెట్టింది. "పిల్లికూతలు పెద్దగా లేవే. నాకు యంత్రం మీదే అనుమానంగా ఉంది. మీరోసారి ఊదండి."

"పొద్దున్నే ఊదాను మేడమ్."

"నా ఎదురుగా ఊదండి."

ఊదాడు. మూడు పాయింట్ ఒకటి.

"చూశారా! మీకే ఇంత తక్కువ చూపిస్తోంది" అంది డాక్టరమ్మ, గుండెల మీది బరువు దిగినట్టు. "పాపకేం లేదమ్మా. ఇదే ఇన్‌హేలర్ వాడించండి. యంత్రం బాగుచేయించి వచ్చే వారం మళ్లీ ఊదిద్దాం."

తల్లి సంచీ సర్దుకుంటోంది. ఆయన పాపనే చూస్తున్నాడు. ఎప్పుడూ గుక్క తిప్పుకోకుండా కబుర్లు చెప్పే పిల్ల ఇవాళ ఒక్క మాటా మాట్లాడలేదు. పీల్చినప్పుడల్లా గొంతు కింద గుంట లోపలికి పోతోంది. నోరు మూసుకుంటే తన అంకె పదిలంగా ఉంటుంది. యంత్రాన్ని తీసుకెళ్తారు, పాపను తీసుకెళ్తారు.

"మేడమ్, యంత్రం బాగుంది" అన్నాడు. "పాడైంది నేను."

డాక్టరమ్మకు అర్థం కాలేదు.

"ఆరు వారాలైంది మేడమ్. సిరంజీ అంకెలు నిజమే. నావి మాత్రం అబద్ధాలు రాశాను. పైన ఊదినా నాకు ఇంతే వస్తోంది. పాప అంకె నిజం. పంపొద్దు."

డాక్టరమ్మ ముందు పాప సంగతి చూసింది. మాస్కు పెట్టి మందు పీల్పించారు. పాపను కొత్త మందు పరీక్ష నుంచి తప్పించారు. మధ్యాహ్నానికి పాప ఒకటి పాయింట్ రెండు ఊది, "మామయ్యా, నీకు జుట్టెందుకు లేదు?" అని అడిగింది. ఆయనకు కళ్లనీళ్లు వచ్చాయి. ఊదేశాను, అన్నాడు.

అప్పుడు డాక్టరమ్మ ఆయన్ను గదిలోకి పిలిచింది. "ముందే ఎందుకు చెప్పలేదు?" అని గట్టిగానే కేకలేసింది.

"ఆ స్టూలు తీసేసుకుంటారని."

ఆవిడ కుర్చీలోంచి లేచింది. చొక్కా పైకెత్తమని వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. పైఅంతస్తుకి చీటీ రాసిచ్చింది. వెళ్లేముందు ఆయన తన బదులు ఒక నర్సమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి, ఊదు ఊదు అంటూ ఊదించి, రిజిస్టరులో ఆమె అంకె తన చేత్తోనే రాశాడు.

ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు అన్నారు. మందులు రాశారు, ఆశ మాత్రం పెట్టలేదు. "ఊదకుండా ఉండలేను మేడమ్, ఏదో ఒకటి ఇప్పించండి" అంటే, ఉబ్బసం పిల్లలు ఇంట్లో ఊదుకునే ప్లాస్టిక్ గొట్టం ఒకటి డాక్టరమ్మ నవ్వుతూ ఇచ్చింది. ఊదితే దాని మీది ఎర్ర ముల్లు ముందుకు జరిగి, ఎంతవరకు జరిగితే అక్కడే ఆగిపోతుంది. మళ్లీ ఊదాలంటే వేలితో వెనక్కి నెట్టాలి. ఎనిమిది నెలలు రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని ఊదాడు. ఎంత వచ్చిందో భార్యకు ఉన్నదున్నట్టు చెప్పేవాడు. ఒక మంగళవారం ఊది, గొట్టం కిటికీ గట్టు మీద పెట్టి, ఆవిడ టీ వడపోసుకుని వచ్చేలోపు కుర్చీలోనే పోయాడు.

ఆవిడ రోజూ ఆ గట్టు తుడుస్తుంది, గొట్టం చుట్టూ మాత్రమే. ఎర్ర ముల్లు నూట పది దగ్గరే ఉంది.