తాళాలాయన చదివిన పేజీ

చర్చి శ్మశానం గేటు తాళంచెవి మొలకి కట్టుకు తిరిగే సంఘపెద్దని మేమంతా చాటుగా తాళాలాయన అంటాం. మూడేళ్ళ క్రితం అమ్మ పోయినప్పుడు నేనూ తమ్ముడూ ఆయన కాళ్ళావేళ్ళా పడ్డాం. పదకొండేళ్ళు ఆ చర్చి నేల తుడిచింది మా అమ్మ. అయినా ఆయన రిజిస్టరు తిరగేసి, "మీరు మా పారిష్‌లో, ఈ చర్చి హద్దులో పుట్టినవాళ్ళు కాదమ్మా. బయటివాళ్ళకి చోటివ్వడం కుదరదు," అన్నాడు. అమ్మని బస్సుల డిపో వెనక, మునిసిపాలిటీ శ్మశానంలో పెట్టొచ్చాం. ఆ రోజు నుంచి నా కడుపు మండుతూనే ఉంది.

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. చర్చికి నూరేళ్ళు నిండాయని పుస్తకం వేయిస్తూ, పారిష్ అంటే ఏమిటో ఒక పేజీ తన పేరు మీద రాసిపెట్టమని ఆయన నన్నే అడిగాడు. బిషప్‌గారి ముందు చదువుతాడట. నన్ను గుర్తే పట్టలేదు. సరేనన్నాను.

ప్రూఫు మూడుసార్లు పంపాను. మూడుసార్లూ చదవకుండానే సంతకం పెట్టాడు. తన ఫోటో మాత్రం పెద్దది చేయమన్నాడు.

ఆదివారం పుస్తకాలు అందరికీ పంచాక ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. పారిష్ అనే మాట పుట్టింది గ్రీకులోనని, పరాయిచోట తలదాచుకున్నవాళ్ళ బతుకని దాని అర్థమని, తొలినాటి విశ్వాసులు తాము ఈ లోకంలో బయటివాళ్ళమనుకుని ఆ పేరు పెట్టుకున్నారని చదివాడు. బిషప్‌గారు తలాడించారు. పోనుపోను ఆ పేరు హద్దులకి అంటుకుందని, హద్దు దాటి చూడలేని ఇరుకు బుద్ధిని ఇంగ్లీషులో పరోకియల్ అనడం అందులోంచే వచ్చిందని చదివాడు. మంచి ఊపులో ఉన్నాడు, ఆగలేదు.

"అలాంటి బుద్ధికి ఉదాహరణ నేనే. పదకొండేళ్ళు ఈ నేల తుడిచిన మనిషి చనిపోతే, బయటి మనిషని ఆరడుగుల చోటు ఇవ్వలేదు."

చదివాక గానీ ఏం చదివాడో ఆయనకి తెలియలేదు. అందరి చేతుల్లో ఉన్న పుస్తకాలకేసి చూశాడు. నాకు ప్రాణం హాయిగా ఉంది, దాచుకోవడం దేనికి.

ఎవరా మనిషని బిషప్‌గారు అడిగారు. లేచి, మా అమ్మ అన్నాను. సమాధి ఇక్కడికే మార్చుకోమని, చోటు తానే ఇప్పిస్తానని అన్నారు. ఒప్పుకోమని తమ్ముడు నా చెయ్యి నొక్కాడు.

"వద్దండి. అమ్మ పక్కన ఇంకో చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఎవర్నీ ఏ పారిష్ అని అడగరు. సంఘపెద్దగారు ఎప్పుడొచ్చినా చోటిస్తాం."