పదింటికి పోయే సిగ్నలు

ఆ మేడ కింది వాటాలో ఉండే ఆవిణ్ణి అందరూ మిషనక్క అంటారు. కుట్టుమిషను ఆవిడ బతుకుతెరువు. చొక్కాలు, స్కూలు యూనిఫారాలు, కిటికీ కర్టెన్లు, ఏదిచ్చినా కుడుతుంది. మిషనూ ఆవిడ నోరూ ఒకసారి మొదలయితే ఆపడం ఎవరి తరమూ కాదు. ఇరవై ఏళ్ళుగా ఆ మేడకు జీతంలేని కాపలా కూడా ఆవిడే. ఎవరైనా గేటు తెరిచి వదిలేసినా, కుళాయి సరిగా కట్టకపోయినా ముందు ఆవిడకే తెలిసేది. ఆ తర్వాత వీధి వీధంతటికీ తెలిసేది.

అన్నిటికన్నా పట్టపగలు మెట్ల మీద లైటు వెలుగుతుంటే ఆవిడకు ఒళ్ళు మండేది. మెట్ల లైట్లన్నిటికీ కలిపి ఒకటే స్విచ్చి, అదీ ఆవిడ గుమ్మం పక్కనే. సాయంత్రం వేసిన లైటు తెల్లారినా వెలుగుతూనే ఉంటుంది, పొద్దున పనులకు దిగేవాళ్ళు స్విచ్చి పక్కనుంచే పోతూ కూడా ఆపరు. "చేతులకు బరువా" అని గొణుక్కుంటూ ఆవిడ ఆపుతుంది. చెప్పొద్దూ, ఆ ఆపడంలో ఆవిడకు కాస్త తృప్తి కూడా ఉండేది.

నిజానికి ఆ ఇంట్లో అసలు వాగుడుకాయ ఆవిడ కాదు, మొగుడు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ పేరుపేరునా పలకరించేవాడు. ఆరు నెలల కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి, వాటితోపాటు మాట కూడా పోయింది. మనసులో అన్నీ ఉన్నాయి, నోటిదాకా రావు. "ఊ" అనీ "ఆ" అనీ అంటాడు, అంతే. ఆ ఇంట్లో మిషను ఆగితే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దానికి భయపడి ఆవిడ అవసరం లేకపోయినా మిషను తొక్కుతూ కూర్చునేది.

"మాట మళ్ళీ నేర్పించాలమ్మా. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది" అన్నాడు డాక్టరు. వేరే ఊళ్ళో ఉండే ఒక టీచరమ్మ నంబరు రాసిచ్చాడు. ఆవిడ ఫోనులో మొహం చూపిస్తూ, పెదవులు ఎలా కదపాలో నేర్పుతుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ పదింటి నుంచి పదిన్నర దాకా. ఆ టీచరమ్మ దగ్గర చోటు దొరకడానికే నెల పట్టింది.

చోటు దొరికింది గానీ సిగ్నలేదీ? ఆ వాటాకు మూడు వైపులా పక్కింటి గోడలే. ఫోనులో గొంతు వినిపించడమే గొప్ప, ఇక బొమ్మ కూడానా. రెండు రోజులు ఆయన్ని కుర్చీతో సహా వీధి గుమ్మంలోకి లాగి కూర్చోబెట్టింది. లారీల మోత, ఆగి వింతగా చూసే జనం. ఆయన నోరు తెరవనే లేదు, తల వంచుకున్నాడు. నలుగురి మధ్య అంత దర్జాగా బతికిన మనిషి అలా తల దించుకుంటే ఆవిడ ప్రాణం ఉసూరుమంది. మూడో రోజు కుర్చీ లోపలికి లాగేసింది.

మొదటి అంతస్తులో ఆసుపత్రి నర్సమ్మ ఉంటుంది. సంగతి విని, నేరుగా పై అంతస్తుకెక్కి ఒక తలుపు కొట్టింది. అది కంప్యూటరు పని చేసుకునే ఒక ఒంటరి మనిషి వాటా. ఉద్యోగం ఇంట్లోంచే. మెట్ల మీద ఎదురైతే గోడవైపు తిరిగి దిగిపోతాడు. మిషనక్క ఆయనకు మూతిముడుపాయన అని ఎప్పుడో పేరు పెట్టేసింది.

"మీ ఇంటర్నెట్టు ఊరికే గోడలకు తగిలి పోతోంది కదా బాబూ. కాస్త కిందికి వదిలితే ఒక మనిషికి మాట వస్తుంది" అంది నర్సమ్మ.

"సాయంత్రం వస్తాను" అన్నాడాయన. అంతకుమించి ఒక్క ముక్క లేదు.

అన్నట్టే ఆ ఆదివారం సాయంత్రం లైట్లు వేసే వేళకు దిగాడు. మెట్ల మలుపులో గోడకు ఒక పాత ప్లగ్గు పాయింటు ఉంది. దానికి చిన్న తెల్ల పెట్టె తగిలించాడు. పైన తన గదిలోంచి వచ్చే సిగ్నలును అందుకుని కింది వాటాలకు పంపడం దాని పని. ఆకుపచ్చ దీపం వెలిగింది. "దయచేసి దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు" అని కాగితం మీద రాసి పెట్టె కింద అంటించాడు. తర్వాత పాస్‌వర్డు చెప్పాడు. మిషనక్క కొలతల పుస్తకం తీసి, ఎవరిదో నడుము కొలతకూ చేతి పొడవుకూ మధ్య రాసుకుంది.

ఫోనులో గీతలు నిండుగా వచ్చాయి. మొగుడికి ఆయన పాత బస్సు స్టాండు ఫొటోలు వెతికి చూపిస్తే, ఎడమచేత్తో తెర తడిమి నవ్వాడు. ఎన్నాళ్ళకు ఆ నవ్వు. మిషనక్కకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"నువ్వు చల్లగా ఉండాలి నాయనా" అంది. మూతిముడుపాయన ఎటు చూడాలో తెలియక స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని పైకి పోయాడు. ఆ పూటే ఆవిడ ఆ పేరు రద్దు చేసింది.

సోమవారం పదింటికి ఫోనును మిషను బల్ల మీద నిలబెట్టి, ఎదురుగా ఆయన కుర్చీ వేసింది. టీచరమ్మ మొహం అద్దంలోలాగా వచ్చింది. "నమస్కారమండీ, మొదలుపెడదామా" అంది. వీధి మోత రాకుండా మిషనక్క గబగబా వెళ్ళి తలుపు మూసి వచ్చింది. వచ్చేసరికి తెర మీద టీచరమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. కదలదు, మెదలదు. ఫోను తిప్పింది, ఆపి వేసింది, దులిపింది. పది నిమిషాలకు ఆశ వదులుకుంది.

మంగళవారమూ అంతే, బుధవారమూ అంతే. సరిగ్గా పదింటికి రావడం, తలుపు మూసి వచ్చేలోగా పోవడం. సాయంత్రమైతే మళ్ళీ గీతలన్నీ నిండుగా వచ్చేవి. ఇదేం విడ్డూరం అని ఆవిడ తెగ ఆలోచించింది. మూతిముడుపాయన ఆఫీసు మొదలయ్యేది పదింటికే. తన పనికి తక్కువవుతుందని సరిగ్గా అప్పుడే కిందికి వదలడం ఆపేస్తున్నాడు. ఇంకేముంది, రద్దయిన పేరు మళ్ళీ అమల్లోకి వచ్చింది.

ఇది చాలదన్నట్టు మొగుడొకడు. సిగ్నలు పోగానే "ఊ, ఊ" అంటూ ఎడమచెయ్యి తలుపువైపు ఊపుతాడు. పెదవులు వణుకుతాయి, మొహం ఎర్రబడుతుంది.

"గాలి ఆడటం లేదా? ఉండండి, ముందు ఈ ఫోను సంగతి చూడనివ్వండి" అనేది. ఆయన చెయ్యి ఒళ్ళో పడేసుకుని కళ్ళు మూసుకునేవాడు.

గురువారం మధ్యాహ్నం టీచరమ్మ దగ్గరనుంచి కబురొచ్చింది. "వారమంతా ఇలాగే పోయిందమ్మా. వరసలో చాలామంది ఎదురుచూస్తున్నారు. రేపు కూడా కుదరకపోతే మీ చోటు వాళ్ళకు ఇవ్వాల్సి వస్తుంది. ఏమీ అనుకోకండి."

మిషనక్క మిషను వదిలి లేచింది. ఈ చోటు పోతే ఆయన ఇక ఊ, ఆ లతోనే వెళ్ళిపోతాడు. మెళ్ళో కొలతల టేపు తియ్యకుండానే పై అంతస్తుకు ఎక్కింది.

"పెట్టడం ఇష్టం లేకపోతే పెట్టనని చెప్పాల్సింది. పెట్టి లాక్కోవడమేంటి? నోటిదాకా వచ్చింది తీసేస్తావా? మాట పోయిన మనిషితోనా నీ ఆటలు?" అంటూ కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

ఆయన అంతా విన్నాడు. "నేను ఆపలేదక్కా" అన్నాడు.

"మరి దానంతటదే పోతోందా, గడియారం చూసుకుని?"

"తెలీదు. రేపు పదింటికి నేనొచ్చి కూర్చుంటాను."

"నీ ఆఫీసో?"

"చెప్పుకుంటాను."

శుక్రవారం పదికి ఐదు నిమిషాలుండగా వచ్చాడు. ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని గుడ్డల మూట పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. మిషనక్క మంచినీళ్ళు ఇచ్చింది గానీ మొహం చూడలేదు. పదయింది. టీచరమ్మ వచ్చింది. "వినిపిస్తోందా?" అంది. మొగుడు తల ఊపాడు. ఆయన చూపు మాత్రం ఫోను మీద లేదు, ఫోను దాటి గుమ్మం మీద ఉంది.

మిషనక్క తలుపు మూయడానికి లేచింది. ఎడమచేత్తో తలుపు రెక్క పట్టుకుంది. కుడిచెయ్యి ఎప్పటిలాగే తనంతట తాను గుమ్మం బయటికి, మెట్ల లైటు స్విచ్చి మీదికి వెళ్ళింది.

"ఆ... ఆప... కు."

ఆవిడ చెయ్యి స్విచ్చి మీదే ఉండిపోయింది. ఆ గొంతు బొంగురుగా, తుప్పు పట్టినట్టు ఉంది. అయినా అది ఆయన గొంతే. ఆరు నెలలుగా నిద్రలో కూడా వెతుక్కున్న గొంతు. వెనక్కి తిరిగి చూస్తే ఆయన ఎడమచెయ్యి స్విచ్చివైపు చాచి ఉంది, నుదురంతా చెమట.

"ఆపకు" అన్నాడు మళ్ళీ, ఈసారి కలిపి.

ఫోనులోంచి టీచరమ్మ గొంతు వచ్చింది. "ఎవరన్నారండీ ఆ మాట? ఆయనేనా?"

"ఆయనే" అన్నాడు మూతిముడుపాయన, అంతవరకూ ఎవరూ వినని గొంతుతో. మిషనక్క తలుపుకు జారగిలబడి నేలమీద కూర్చుని ఏడ్చింది. ఆ రోజు పాఠం పదిన్నరకు అయిపోలేదు, పదకొండు దాటింది.

పాఠం అయ్యాక మూతిముడుపాయన మెట్ల మలుపుకు వెళ్ళి "అక్కా, ఇప్పుడు ఆపండి" అని కేకేశాడు. ఆపింది. పెట్టె మీద ఆకుపచ్చ దీపం ఆరిపోయింది. వేసింది, వెలిగింది. ఆ పాత ప్లగ్గుకు కరెంటు మెట్ల లైటు స్విచ్చిలోంచే వెళుతోందని ఆ మేడలో ఎవరికీ తెలియదు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. కుర్చీలో కూర్చున్న డ్రైవరుకు మాత్రం మొదటి రోజే తెలిసింది. ఆవిడ చెయ్యి గుమ్మం బయటికి పోవడం, తెర ఆగిపోవడం రోజూ కళ్ళారా చూస్తూనే ఉన్నాడు. చెప్పడానికి నోరు లేదు. ఊపిన చేతిని గాలి కోసం అనుకుంది ఆవిడ.

మిషనక్కకు తల కొట్టేసినట్టయింది. "నిన్న నిన్ను నానా మాటలూ అన్నాను నాయనా. నా చెయ్యి చేసిన పనికి నిన్ను తిట్టాను" అంది.

"చీటీ నేను పెట్టె కింద కాదు, ఈ స్విచ్చి దగ్గర అంటించాల్సింది. తప్పు నాదే" అన్నాడాయన.

"చాల్లే, మంచితనానికీ ఓ హద్దుండాలి" అని కసిరి, కళ్ళు తుడుచుకుంది. వారం తిరక్కుండా ఆయనకు రెండు చొక్కాలు కుట్టిపెట్టింది. కొలత తీస్తానంటే సిగ్గుపడి పారిపోయాడు, కంటితోనే కొలిచింది. ఇప్పుడు సాయంత్రాలు ఆయన దిగి వచ్చి డ్రైవరు పక్కన కూర్చుంటాడు. ఒకరికి మాటలు రావు, ఇంకొకరు మాట్లాడరు, ఇద్దరికీ బాగా కుదిరింది.

ఆ స్విచ్చికి మిషనక్క మొగుడి పాత ఖాకీ చొక్కా జేబుతో ఒక తొడుగు కుట్టి కప్పింది. మెట్ల లైటు ఇప్పుడు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. దాన్ని చూసి ఒళ్ళు మండించుకోవడం ఆవిడ మానేసింది.

కానీ రోజుకొకసారి, పని చేస్తూ చేస్తూ ఊరికే లేచి గుమ్మం దగ్గరికి వెళుతుంది. కుడిచెయ్యి బయటికి చాచి ఆ ఖాకీ తొడుగు దాకా పోనిచ్చి, ఆగి, వెనక్కి తిరగకుండా నిలబడుతుంది.

"ఆపకు" అంటాడు లోపలినుంచి ఆయన.

"ఆపనులెండి" అని, అప్పుడు వచ్చి మిషను ముందు కూర్చుంటుంది.